మూడు కాళ్ళ రాయబారి

"ఒరేయ్, మీ అమ్మకి చెప్పు, పాలు…"

అంతవరకూ వచ్చి ఆగిపోయింది అత్తగారి గొంతు. ముందుగది గుమ్మం పక్కన చాప ఖాళీగా ఉంది. దాని మీద కాసిని వెంట్రుకలూ, కొరికి పారేసిన ఖాళీ దారపు రీలూ ఉన్నాయి గానీ, వినాల్సిన రెండు చెవులూ లేవు. కుట్టు మిషను ముందు కూర్చున్న కోడలు కూడా అలవాటు కొద్దీ చాప వైపే తిరిగింది. ఇద్దరూ ఆ ఖాళీ చాపని చూస్తూ ఉండిపోయారు. వంటింట్లో పాలు తమ దారిన తాము పొంగి, గిన్నె దిగి, పొయ్యి ఆర్పి, గట్టు మీదుగా నేలమీదికి కారాయి. మాడు వాసన ఇల్లంతా కమ్ముకుంది. అయినా ఎవరూ లేవలేదు. పాలు పోతున్నాయని అత్తగారికి తెలుసు, ఆవిడకి తెలుసని కోడలికీ తెలుసు. అటు మాట ఇటు చేరవేసేవాడే లేడు.

వాడు ఆ పొద్దున జంతువుల ఆసుపత్రిలో, ఒక ఇనప మంచం మీద, మత్తు దిగక మూలుగుతున్నాడు. నిన్నటి దాకా నాలుగు కాళ్ళవాడు. ఇప్పుడు మూడు.

ఉత్త కుక్కయితే పెంచుకున్న బెంగ ఒక్కటే ఉండేది. కానీ వాడు ఆ ఇంట్లో ఉద్యోగస్థుడు. ఆ ఉద్యోగం ఎలా వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని ఎక్కడెక్కడి వాళ్ళనో ఒకరితో ఒకరిని కలిపిన చేతులవి. గొంతు ఇప్పటికీ ఖంగుమంటుంది. కోడలు ముందుగదిలో మిషను వేసుకుని వీధి వీధంతటికీ బట్టలు కుడుతుంది. ఇద్దరికీ పని వచ్చు, ఇద్దరికీ ఆ సంగతి తెలుసు, గొడవంతా అక్కడే ఉంది. ఒకరోజు ఒక స్కూలు టీచరు కొత్త కోటు తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ తిరుగుతుంటే, టీ కప్పుతో అటుగా పోతున్న అత్తగారు, "మెడ కొంచెం లూజైనట్టుందమ్మాయ్" అంది. అంతే. టీచరమ్మ అద్దంలోకి మరోసారి చూసుకుంది, ఇంకోసారి చూసుకుంది, కోటు విప్పి సంచిలో కుక్కుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

"నా పనిలో మీ మాట నాకక్కర్లేదు అత్తయ్యా" అంది కోడలు, కళ్ళ నిండా నీళ్ళతో.

"అలాగే తల్లీ. నా మాటే అక్కర్లేనప్పుడు ఇక మాట్లాడటం మాత్రం దేనికి?" అంది అత్తగారు.

ఇలాంటివి ఏ ఇంట్లోనైనా అనుకుంటారు, దీపాలు పెట్టే వేళకి మర్చిపోతారు. వీళ్ళు మర్చిపోలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం ఇద్దరూ. ఆ మెడ నిజంగా లూజా, కాదా అన్నది మాత్రం ఎవరూ తేల్చలేదు.

మధ్యలో అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు కొడుకు. ఆయన లిఫ్టు మెకానిక్కు. పగలంతా రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన వాళ్ళని బయటికి లాగడం, సాయంత్రం ఇంటికొచ్చి తనే ఇరుక్కుపోవడం. "అమ్మా, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడుగుతోంది." "ఏమోయ్, ఉప్పుందో లేదో వండినవాళ్ళకి తెలీదా అని అమ్మ అడుగుతోంది." "అమ్మా, తెలుసుట." అన్నం తినేలోపు ఆయన మెడ ఇటూ అటూ తిరిగి పట్టేసేది. ఒక వానరోజు ఏదో మేడ కింద, లిఫ్టు గుంటలో తడిసి వణుకుతున్న గోధుమరంగు కుక్కపిల్లని చొక్కాలో వేసుకొచ్చి, హాల్లో దింపి, చేతులు దులుపుకున్నాడు.

"ఇదిగో, ఇక మీరేం చెప్పుకోవాలన్నా వీడికి చెప్పుకోండి. నేను రాజీనామా చేస్తున్నాను."

నవ్వుతాలుకే అన్నాడు పాపం. కానీ ఆ మాట పట్టుకున్నారు ఆడవాళ్ళిద్దరూ. "ఒరేయ్, మీ అమ్మ పొద్దుట్నుంచీ మిషను మీంచి లేవలేదు, ఇంత తిని కుట్టుకోమను." "నాన్నా, మీ నానమ్మ మోకాలికి మందు రాసుకోలేదు, సీసా బల్లమీదే ఉందని చెప్పు." వాడు తోక ఊపుతూ మాట్లాడిన మనిషి మొహంలోకి చూసేవాడు, తర్వాత రెండో మనిషి మొహంలోకి చూసేవాడు. చెప్పినట్టే లెక్క. అందుకే వాడికి రాయబారి అని పేరు పడింది. ఆ ఇంట్లో అంత నమ్మకంగా పనిచేసినవాడు ఇంకొకడు లేడు. జీతం రెండు బిస్కెట్లు.

నిన్న మధ్యాహ్నం ఆ రాయబారి వీధి గేటు తోసుకుని బయటికి పరుగెత్తాడు. వెనక్కి వస్తున్న నీళ్ళ ట్యాంకరు డ్రైవరుకి వాడు కనపడలేదు. కోడలు మిషను వదిలేసి వీధిలోకి వచ్చేసరికి, అత్తగారు అప్పటికే రోడ్డు మీద చతికిలబడి, తన శాలువా వాడికి చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఉంది. శాలువా ఒక మూల ఎర్రగా తడుస్తోంది. దొరికిన బండి ఎక్కి ఇద్దరూ ఆసుపత్రికి పరుగెత్తారు. దారి పొడుగునా ఒక్క మాట లేదు. కోడలి గొంతులో మాత్రం ఒకే ప్రశ్న ముల్లులా గుచ్చుకుంటూ ఉంది. గేటు ఎవరు తీసి వదిలేశారు? పొద్దున వాహ్యాళికి వెళ్ళొచ్చేది ఆవిడ ఒక్కతే కదా… ఆ ప్రశ్న అడగాలన్నా రాయబారి ద్వారానే అడగాలి. వాడికేమో స్పృహ లేదు.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించి, వెనక కుడికాలు ఎముక పొడి పొడి అయిందనీ, తీసెయ్యక తప్పదనీ చెప్పింది. కోడలు అక్కడే కూలబడి ఏడ్చింది.

"మూడు కాళ్ళతో వాడెలా బతుకుతాడు డాక్టరుగారూ? మెట్లెక్కేవాడు… నేను బజారు నుంచి వస్తే ఎగిరి భుజాల మీద కాళ్ళు వేసేవాడు…"

"బతుకుతాడమ్మా. కాలు పోయినందుకు కుక్క సిగ్గుపడదు, వీధిలో వాళ్ళేమనుకుంటారో అని మంచం పట్టదు. వాడు చూసేది మీ మొహాలే. మీరు వాడి ముందు ఇలా ఏడిస్తే మాత్రం ఏదో కొంప మునిగిందనుకుంటాడు."

అత్తగారు ఏడవలేదు. రక్తం మరకల శాలువా మడత మీద మడత వేసి, ఇంకా చిన్న మడత వేసి, గుండెకి అదుముకుని నిలబడింది. రాయిలా ఉంది మనిషి అనుకుంది కోడలు.

ఇదీ జరిగింది. పాలు మాడిన రోజు సాయంత్రమే ఫోనొచ్చింది, మర్నాడు తీసుకెళ్ళొచ్చని.

రాయబారి ఇంటికి రావడం ఒక పెళ్ళిబృందం దిగడంలా జరిగింది. కొడుకు వాణ్ణి దుప్పటిలో మోసుకొచ్చాడు. వెనక కోడలు మందుల సంచితో, ఆ వెనక అత్తగారు వాడి నీళ్ళ గిన్నెతో. కుట్లు నాకకుండా మెడకి పెద్ద ప్లాస్టిక్ గరాటు తగిలించారు. ఒంటికి ఒకపక్క బొచ్చు గీకేసి, కాలు ఉండాల్సిన చోట పొడుగాటి కుట్టు ఉంది. కుట్టుపని తెలిసిన మనిషి కాబట్టి కోడలు ఆ కుట్టుని చూడలేక చూసింది, కుట్టుకీ కుట్టుకీ ఎడం సమంగానే ఉందని మనసులో ఒప్పుకుంది, వెంటనే వంటింట్లోకి వెళ్ళి చేతికి దొరికిన మసిగుడ్డలో మొహం దాచుకుని ఏడ్చింది.

నేల నున్నటి పలకలది, జారుతుంది. డాక్టరమ్మ ముందే చెప్పింది, వాడు తిరిగే చోటల్లా ఏదైనా పరవమని. కోడలు తన దగ్గరున్న గోనెలూ పాత దుప్పట్లూ తెచ్చి పరుస్తుంటే సగం హాలు కూడా నిండలేదు. అత్తగారు తన గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, చాలాసేపు ఏదో లాగుతున్న చప్పుడు చేసి, తన మంచం కింది తివాచీ చుట్ట చుట్టుకుని బయటికి తెచ్చింది. రిటైరైన రోజు తోటివాళ్ళంతా కలిసి ఇచ్చిన తివాచీ అది. దాని మీద ఇంతవరకూ కొడుకుని కూడా చెప్పులతో నడవనిచ్చింది కాదు.

"ఒరేయ్, ఇది కూడా పరవమను మీ అమ్మని" అంది గరాటులోకి వంగి. ఆ గరాటు చూస్తే ఆవిడకి పాత రోజులు గుర్తొచ్చాయో ఏమో, గొంతు దానంతట అదే తగ్గి మర్యాదగా మారింది. "హలో అంటున్నావేంటమ్మా?" అని కొడుకు నవ్వాడు. "నోర్ముయ్" అంది అత్తగారు.

మందులు వేయడం, గాయం తుడవడం తలా ఒక చెయ్యి వేస్తే జరిగిపోయేవే. చిక్కంతా వాణ్ణి బయటికి తీసుకెళ్ళేటప్పుడు వచ్చేది. పొట్ట కింద నుంచి తువ్వాలు దూర్చి, ఆ రెండు కొసలూ పైకి పట్టుకుని వెనక భాగం బరువు ఒకరు మోయాలి. ముందు నుంచి గొలుసు పట్టుకుని ఇంకొకరు దారి చూపించాలి. గుమ్మానికి మూడు మెట్లు. కొడుకు పొద్దున్నే పనికి పోతాడు. ఇక మిగిలింది ఈ ఇద్దరు మహాతల్లులు.

"నాన్నా, నానమ్మని కొంచెం నిదానంగా లాగమను."

రాయబారి తువ్వాలు పట్టుకున్న కోడలి వైపు తల తిప్పాడు.

"ఒరేయ్, నేను నిదానంగానే ఉన్నాను, తువ్వాలే ఒక పక్కకి పోతోందని చెప్పు."

రాయబారి ఉద్యోగధర్మం తప్పని వాడు కదా, వెంటనే అత్తగారి వైపు తల తిప్పాడు. గరాటు గోడకి కొట్టుకుంది. లేని కాలు మీద బరువు వేసి, ధబీమని కూలబడ్డాడు. కుయ్యోమన్నాడు. ఇద్దరూ గబగబా వంగారు. లేపి నిలబెట్టారు. "నాన్నా, నానమ్మ గొలుసు బిగించేసింది…" మళ్ళీ తల, మళ్ళీ ధబీ. పూటకి రెండుసార్లయినా పడేవాడు. పడ్డ ప్రతిసారీ తప్పెవరిదో ఆ పడ్డవాడికే చెప్పేవారు ఇద్దరూ. వాడికి తలప్రాణం తోకకొచ్చింది. తిండి తగ్గించేశాడు. గుమ్మం వైపు తీసుకెళ్తుంటే నాలుగు అడుగుల ముందే చాప మీద పడుకుని మొండికేసేవాడు.

కట్టు మార్పించడానికి ఆసుపత్రికి తీసుకెళ్తే, కుట్టు ఒక చివర ఉబ్బి నీరు కారుతోంది. డాక్టరమ్మ మొహం చిట్లించింది.

"పడుతున్నాడా?"

కోడలు తల వంచుకుంది. అత్తగారు కిటికీ వైపు చూసింది.

"ఏదీ, ఒకసారి ఈ వరండాలో నడిపించండి. నేను చూస్తాను."

నడిపించారు. "నాన్నా, నానమ్మని…" "ఒరేయ్, మీ అమ్మని…" ధబీ.

"ఆగండాగండి" అంది డాక్టరమ్మ. "మీరిద్దరూ ఎవరితో మాట్లాడుతున్నారు?"

ఇద్దరూ ఒకేసారి కుక్క వైపు వేలు చూపించారు.

"తువ్వాలు పైకెత్తాల్సింది ఇతనా?"

కోడలు తన చేతిలోని తువ్వాలు కొసలు చూసుకుంది.

"చూడండమ్మా. మూడు కాళ్ళ మీద బరువు ఎలా వేసుకోవాలో ఇతను ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు. మీరు పిలిచినప్పుడల్లా తల తిప్పుతున్నాడు, తల ఎటు పోతే ఒళ్ళు అటు పోతోంది. పడక ఏం చేస్తాడు? ఇంకోసారి ఇలాగే పడి కుట్లు తెగితే, మళ్ళీ మత్తిచ్చి కుట్టాలి. చాలా రక్తం పోయి ఉన్నాడు, బాగా నీరసంగా ఉన్నాడు. ఆ మత్తు తట్టుకుంటాడని నేను మాటివ్వలేను. అందుకని, ఇతను నిలబడి ఉన్నంతసేపూ ఇతనితో ఎవరూ మాట్లాడకూడదు. ఏమైనా చెప్పుకోవాలంటే మీలో మీరు చెప్పుకోండి."

మందుచీటీ మీద కూడా ఆ ముక్కే రాసి, కింద గీత గీసి ఇచ్చింది.

ఇంత కష్టమైన మందు ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ మింగలేదు. సాయంత్రం కొడుకు ఆ చీటీ చదివి, నవ్వొస్తున్నా పళ్ళ బిగువున ఆపుకుని, ఎందుకైనా మంచిదని స్నానానికి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచీ ఆడవాళ్ళిద్దరూ వాణ్ణి పిలవడం మానేశారు. ఒకరినొకరు పిలుచుకోవడం మాత్రం మొదలుపెట్టలేదు. అత్తగారు గొలుసు పట్టుకుని, గోడకున్న గడియారంతో, "మెట్టు వస్తోంది" అనేది. కోడలు తువ్వాలు పట్టుకుని తలుపుతో, "తెలుసు" అనేది. తలుపూ గడియారమూ తల తిప్పలేదు కాబట్టి రాయబారి కొంచెం నయంగా నడిచాడు. గడియారం కనపడని వాకిట్లో మాత్రం అత్తగారు బకెట్టుతో మాట్లాడాల్సి వచ్చింది. పక్కింటావిడ గోడ మీంచి చూసి, కుక్క కాలు పోయిన దిగులుతో పెద్దావిడకి మతి చలించిందేమోనని తన ఇంట్లో చెప్పుకుందట.

ఒక ఉదయం మెట్ల మీద తువ్వాలు కోడలి చేతిలోంచి జారింది. వాడి వెనక భాగం ఒరిగిపోతోంది.

"అమ్మాయ్, పట్టుకో!"

కోడలు పట్టుకుంది. వాడు పడలేదు. ముగ్గురూ అలాగే రెండో మెట్టు మీద ఆగిపోయారు. తర్వాత అత్తగారు గొంతు సవరించుకుని బకెట్టు వైపు చూసింది, కోడలు తలుపు వైపు చూసింది, ఏమీ జరగనట్టే దిగారు. కానీ ఆ రోజంతా మిషను ముందు కూర్చున్న కోడలి చెవుల్లో ఆ 'అమ్మాయ్' మోగుతూనే ఉంది. ఆ పిలుపు విని ఎంతకాలమైందో! కాపురానికి వచ్చిన కొత్తలో, "అమ్మాయ్, దారం ఎక్కించడం నాకూ నేర్పవూ" అని పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది ఆవిడ. తల్లి లేని పిల్లకి ఆ స్టూలు మీద మనిషి ఉంటే ఎంత నిండుగా ఉండేదో ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడా స్టూలు మీద కత్తిరించిన గుడ్డలు పెడుతోంది.

ఇంతలో ప్లాస్టిక్ గరాటు అంచు రాసుకుని వాడి మెడ పుండు పడింది. కోడలు మెత్తటి నూలు గుడ్డతో, లోపల దళసరి పొర పెట్టి, గరాటుకి బదులుగా, తల కుట్టు దాకా వంగకుండా మెడకి కట్టే పట్టీ ఒకటి తనే కుట్టింది. అందంగా వచ్చింది. అంచుకి నీలం పైపింగు కూడా వేసింది. బల్లమీద పెట్టి, మిగిలిన పని చూసుకుంటుంటే, అత్తగారు వచ్చి ఆ పట్టీని చేతిలోకి తీసుకుంది. మెడ దగ్గర వేళ్ళు దూర్చి చూసింది. నోరు తెరిచింది. కోడలికి ఓరకంట అదంతా కనిపించింది. పరీక్ష పెడుతోంది, పెట్టనీ అనుకుని పెడలు గట్టిగా తొక్కింది. మిషను గరగరమంది. అత్తగారు నోరు మూసుకుని, పట్టీని ఎక్కడిదక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం కోడలు వచ్చి చూసేసరికి, రాత్రి గరాటు తీసి వాడి మెడకి కట్టిన పట్టీ చాప మీద ఉంది, నీలం పైపింగుతో సహా. రాయబారి కుట్టు నాకుతున్నాడు. నాకడం కాదు, కొరుకుతున్నాడు. చాప ఎర్రగా ఉంది.

ఆసుపత్రి లోపలి గది తలుపు మూసేశారు. బయట చెక్క బెంచీ మీద అత్తాకోడళ్ళు మిగిలారు. మధ్యలో కుక్క లేదు, బకెట్టు లేదు, గడియారం లేదు, మిషను చప్పుడు లేదు. ఎదురుగా గోడ మీద ఒక పిల్లి బొమ్మ ఉంది. టీకాలు వేయించమంటోంది.

"పట్టీ మెడ లూజుగా ఉందని నాకు నిన్ననే తెలుసు" అంది అత్తగారు, పిల్లితో.

"తెలిస్తే చెప్పొచ్చుగా" అంది కోడలు, అదే పిల్లితో.

"ఒకసారి చెప్పి చూశాను కదా."

ఇక పిల్లి వైపు చూడటం కోడలి వల్ల కాలేదు. అత్తగారి వైపు తిరిగింది.

"ఆ కోటు మెడ కూడా లూజే అత్తయ్యా. టీచరమ్మ కంటే ముందు నేనే చూశాను. ఆవిడ చూడకపోతే బాగుండునని దణ్ణం పెట్టుకుంటూ నిలబడ్డాను… అంతలో మీరొచ్చారు."

అత్తగారు కూడా తిరిగింది. దగ్గరగా చూస్తే ఆవిడ కళ్ళ కింద నల్లగా ఉంది. రాయిలా ఉందనుకున్న మనిషి ఇన్నాళ్ళుగా నిద్రపోవడం లేదని కోడలికి అప్పుడు అర్థమైంది.

"నీకు తెలుసని నాకూ తెలుసు తల్లీ. బేరానికొచ్చిన మనిషి ముందు అనకూడదు. ఆవిడ పోయాక నీకొక్కదానికే చెప్పాల్సింది. ఆ ఇంగితం నాకు లేకపోయింది." ఆవిడ కోడలి కళ్ళలోకి చూసింది. "ఇంకోటి కూడా అడుగు. అడగాలనుకుంటున్నావు. ఆ రోజు బండిలో కూర్చున్నప్పట్నుంచీ నీ కళ్ళతో అడుగుతూనే ఉన్నావు."

కోడలు అడగలేక అడిగింది. "గేటు…"

"గడియ మేకు ఊడి వేలాడుతోంది. పొద్దున వాహ్యాళి నుంచి వస్తూ చూశాను. లోపలికి రాగానే చెప్పాను."

"ఎవరికి?"

"ఇంకెవరికి చెప్తాను? వాడికే. 'ఒరేయ్, గేటు గడియ ఊడింది, మీ అమ్మకి చెప్పు, నాన్నతో బిగించమను' అన్నాను. నువ్వు మిషను మీద ఉన్నావు. విన్నావనుకుని నా గదిలోకి పోయాను." అంతవరకూ ఖంగుమన్న గొంతు అక్కడ పగిలింది. "ఎక్స్ఛేంజిలో మొదటిరోజు నేర్పేది అదొక్కటే అమ్మాయ్. అవతలి మనిషి హలో అనేదాకా లైను వదలకూడదు. అంత సర్వీసు చేసి, ఇంట్లో ఆ ముక్క మర్చిపోయాను. వాడి కాలు నేనే తీశాను…"

ఆ పొద్దున కోడలికి గుర్తొచ్చింది. గుమ్మం దగ్గర ఏదో గొంతు. 'ఒరేయ్' అని మొదలైన మాట.

"నేను విన్నాను అత్తయ్యా. మాట కాదు, మీ గొంతు విన్నాను. మీ గొంతు వినపడగానే పెడలు గట్టిగా తొక్కడం నాకు అలవాటైపోయింది. ఏం చెప్తున్నారో వినకూడదని… ఆ రోజూ తొక్కాను. నిన్న కూడా తొక్కాను."

ఇక ఆపేవాళ్ళు ఎవరున్నారు? ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. "నాదే తప్పు తల్లీ" అని ఒకరూ, "కాదత్తయ్యా, నాదే" అని ఇంకొకరూ. ఆఖరికి తప్పు విషయంలో కూడా ఇద్దరూ తగ్గలేదు. పక్కన పంజరంలో చిలకని పెట్టుకు కూర్చున్న పెద్దమనిషి లేచి ఎదుటి బెంచీకి మారాడు.

తలుపు తీసుకుని వచ్చిన డాక్టరమ్మ వాళ్ళని చూసి గాభరా పడింది.

"ఏమైందమ్మా? ఎవరైనా పోయారా?"

"వాడు… వాడు…" అన్నారు ఇద్దరూ.

"వాడు బాగానే ఉన్నాడు. పైకుట్లు రెండే ఊడాయి. లోపలివి గట్టిగా ఉన్నాయి. మత్తు అక్కర్లేకుండా సర్దేశాను. ఆ నీలం పట్టీ ఎవరు కుట్టారో గానీ పని బాగుంది. మెడే కొంచెం లూజు."

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది కోడలే. ముక్కు చీదుకుంటూ నవ్వింది. డాక్టరమ్మకి ఏమీ అర్థం కాక, చిలకాయనని లోపలికి రమ్మంది.

ఆ సాయంత్రం కొడుకు పని నుంచి వచ్చేసరికి, వీధి మొగలోకే ఇంట్లోంచి కేకలు వినపడుతున్నాయి.

"వేలు దూరేంత సందుండాలి అంటే నీ వేలా, నా వేలా?"

"మీ వేళ్ళు సన్నం అత్తయ్యా. మీ లెక్కన కుడితే వాడికి ఊపిరాడదు."

"నీ లెక్కన కుడితే వాడు ఇల్లు దాటి పోతాడు. విప్పు, విప్పు. ఆ దారం ఇటివ్వు, నేనెక్కిస్తాను."

ఆయన గుమ్మంలో చెప్పులతోనే నిలబడిపోయాడు. ఏ అంతస్తులో దిగాలో తెలియని మనిషిలా ఇటూ అటూ చూశాడు. స్టూలు మీద గుడ్డలన్నీ నేలమీద ఉన్నాయి, స్టూలు మీద తల్లి ఉంది.

"ఏం జరుగుతోంది? కొట్టుకుంటున్నారా?"

"మాట్లాడుకుంటున్నాం" అన్నారు ఇద్దరూ ఒకేసారి, విసుగ్గా. "నువ్వు ముందు ఆ గేటు గడియ సంగతి చూడు" అని తల్లి, "స్క్రూలు బల్లమీద పెట్టాను" అని పెళ్ళాం. రాజీనామా చేసినవాడికి మళ్ళీ పని తగిలింది. ఆయన కిమ్మనకుండా స్క్రూడ్రైవరు తీసుకుని వెళ్ళాడు. గేటు దగ్గర, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకున్నాడు.

చాప మీద రాయబారి తలెత్తి చూశాడు. ఒకరు మాట్లాడారు, వాడు అటు చూశాడు. ఇంకొకరు మాట్లాడారు, ఇటు చూశాడు. తనని ఎవరూ పిలవడం లేదు. కాసేపు చూసి, తల ముందుకాళ్ళ మీద పెట్టి, ఆపరేషను తర్వాత మొదటిసారి గురక పెట్టి నిద్రపోయాడు.

కుట్లు విప్పిన రోజున డాక్టరమ్మ, "ఇక తువ్వాలు అక్కర్లేదు. నిలబడ్డప్పుడు పిలిచినా ఫరవాలేదు" అని చెప్పింది. బొచ్చు మళ్ళీ మొలుస్తోంది. గీకిన చోట కొంచెం ముదురు రంగులో వస్తోంది. ఇంటికొచ్చి గేటు ముందు దింపితే వాడు తనంతట తనే మూడు మెట్లూ ఎక్కాడు. రెండో మెట్టు మీద ఆగి ఆలోచించాడు గానీ, ఎక్కాడు. తివాచీ మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాడు. ఒళ్ళు కొంచెం ఊగుతోంది. పడలేదు.

కోడలు మిషను ముందు కూర్చుంది. ఆగిపోయిన పని బోలెడుంది. పెడలు తొక్కడం మొదలుపెట్టింది.

"అమ్మాయ్" అంది వీధి గుమ్మంలోంచి అత్తగారు.

మిషను ఆగింది. కోడలు చక్రం మీద చెయ్యి వేసి, తల తిప్పి, "చెప్పండత్తయ్యా" అంది.

"గేటు గడియ వేశాను."

"సరే అత్తయ్యా. విన్నాను."

అత్తగారు తల ఊపి లోపలికి వచ్చింది. మోకాళ్ళ నెప్పితో మెల్లగా వంగి, తివాచీ మీద రాయబారి పక్కన కూర్చుంది. వాడి చెవి పైకెత్తి, ఆ కుట్టు గీత మీద అరచెయ్యి ఆనించి, వాడి చెవిలో ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది. వాడు ఆవిడ మొహంలోకి చూస్తూ విన్నాడు. తర్వాత అలవాటు కొద్దీ, రెండో మనిషికి చేరవేయాలని కోడలి వైపు తల తిప్పబోయాడు. ఆవిడ వాడి గడ్డం పట్టుకుని మెల్లగా మళ్ళీ తన వైపుకే తిప్పుకుంది.

"ఏం చెప్పారత్తయ్యా?" అంది కోడలు.

"నీక్కాదులే" అంది అత్తగారు, కళ్ళు తుడుచుకుంటూ. "ఇది వాడికే."